బంకర్ల అడుగున గరికే పరవండి, కానీ మా చెరువు కట్ట జోలికి రాకండి

అనంతపురం శివారులో గోల్ఫ్ మైదానం వేయిస్తున్న కమిటీ పెద్దలకు,

నమస్కారం. మీలో ఇద్దరు ముగ్గురు నాకు ముఖపరిచయం ఉన్నవాళ్లే. ఫోన్ చేసి చెప్పినా సరిపోయేది. కానీ ఇది మీరూ నేనూ మాట్లాడుకుంటే తేలిపోయే విషయం కాదు, మా ఊరివాళ్లకూ తెలియాలి. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

పోయిన వారం మీ కాంట్రాక్టరు మనుషులు ట్రాక్టరు వేసుకుని మా ఊరి చెరువు కట్ట మీదికి వచ్చారు. మరువ దగ్గర మొదలుపెట్టి తూము దాకా నడిచి చూశారు. ఒకాయన పారతో జానెడు గరిక చెక్కి, తిరగేసి, వేర్లు పట్టుకుని లాగి చూసి, "భలే దట్టంగా ఉందప్పా" అన్నాడు. నేను అప్పుడే ఎనుములను తోలుకొస్తున్నాను. ఎందుకని అడిగితే, "గోల్ఫ్ బంకర్ల కింద పరవడానికి సామీ, ప్లాస్టిక్ గుడ్డ కంటే ఇదే మేలంట" అన్నాడు.

ఆయన చెప్పిన మాట నిజమే. చెక్కిన చోటే తప్పు.

నేనెవరో చెప్పుకోవాలి కదా. ఇంటర్ తప్పి బెంగుళూరు బస్సెక్కినవాణ్ణి. అక్కడ ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసే కూలీగా చేరాను. తర్వాత గ్రౌండ్స్‌మన్ అయ్యాను, చివరికి బంకర్ల పని చూసే మేస్త్రీనయ్యాను. మొత్తం 22 ఏళ్లు. గోల్ఫ్ నేను ఆడింది తక్కువ, గోల్ఫ్ కోసం తవ్వింది ఎక్కువ. ఇప్పుడు బుక్కరాయసముద్రం మండలంలో మా నాయన వదిలిన మూడెకరాల్లో సెనగ వేసుకుంటూ, రెండు ఎనుములు పెట్టుకుని బతుకుతున్నాను.

మా ఊరివాళ్లకు బంకర్ అంటే మిలిటరీ వాళ్లు దాక్కునేదే తెలుసు. గోల్ఫ్‌లో బంకర్ అంటే కావాలని తవ్వి ఇసుక నింపిన గుంత. బంతి అందులో పడితే బయటికి తీయడం కష్టం, ఆటకు అదే మజా. ఈ ఆట స్కాట్లాండ్ సముద్రతీరంలో ఇసుక దిబ్బల మీద పెరిగింది. గాలికి గొర్రెలు దిబ్బల చాటున ముడుచుకుని పడుకునేవని, అవి పడుకున్న చోట గడ్డి పోయి ఇసుక తేలి గుంతలు పడ్డాయని, అవే మొదటి బంకర్లని చెబుతారు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్సు అనే పాత మైదానంలో ఇప్పటికీ 112 బంకర్లున్నాయి. అక్కడి 17వ హోల్ (బంతిని చేర్చాల్సిన చిన్న రంధ్రం) పక్కనున్న రోడ్ హోల్ బంకర్‌లో 1978 బ్రిటిష్ ఓపెన్ పోటీల్లో జపాన్ ఆటగాడు నకజిమా నాలుగు దెబ్బలు కొడితే గానీ బయటపడలేదు. అదే కోర్సులో 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల పాటు 72 హోళ్లూ ఆడి ఒక్క బంకర్‌లోనూ పడకుండా గెలిచాడు. గుంతే కదా అనుకుంటాం గానీ పోటీలను తేల్చేవి ఈ గుంతలే.

ఇంతకీ ఆ గుంతలో కింద ఏదో ఒకటి పరవాల్సిన అవసరం ఏముంది? అక్కడ సముద్రతీరం, అడుగున ఎన్ని అడుగులు తవ్వినా ఇసుకే. మన దగ్గర అలా కాదు. మీరు తీసుకున్న భూమి నేను చూశాను. పైన అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద గరుసు, అక్కడక్కడ సుద్ద. ఆ గుంతలో నేరుగా ఇసుక పోస్తే రెండు జబ్బులు వస్తాయి. మొదటిది, వాన పడ్డప్పుడు వాలుగా ఉన్న పక్కల మీది ఇసుక కిందికి జారిపోయి మట్టి బయటపడుతుంది. రెండోది, ఆ మట్టీ గులకరాళ్లూ ఇసుకలో కలిసిపోతాయి. కారప్పొడి కలిసిన ఉప్పులా ఎర్రగా తయారవుతుంది. నీళ్లు దిగవు. నాలుగు రోజులు ఎండితే అట్ట కట్టి గట్టిపడుతుంది. అందులో గులకరాయి ఉండి బంతితో పాటు దానికీ కర్ర తగిలితే మణికట్టు జివ్వుమంటుంది, ఒక్కోసారి రాయి ఎగిరి ఎదుటివాడి ముఖాన పడుతుంది.

మన జిల్లాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. "అంత తక్కువ వానకు ఇంత తతంగం ఎందుకు?" అని మీ సభ్యుల్లో ఒకాయన అన్నాడని విన్నాను. ఆయన ఈ ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటున్నాడో ఏమో. మన వాన వాయిదాల మీద పడదు సార్. మూడు నెలలు ముఖం చాటేసి, ఒక్క రాత్రిలో కుమ్మరించి పోతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు జనం మంచాలెక్కి కూర్చున్నది మరిచిపోయేంత కాలం కాలేదు. బంకర్‌ను చెడగొట్టేది ఏడాది మొత్తం మీద పడిన వాన కాదు, అలాంటి రాత్రి ఒకటి చాలు.

ఈ రెండు జబ్బులకూ మందుగా మట్టికీ ఇసుకకూ నడుమ ఒక పొర వేస్తారు. ఇంగ్లీషులో లైనర్ అంటారు. అందులో రకరకాలున్నాయి. గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ ఉంది. సన్న కంకర పోసి దాని మీద జిగురు లాంటి పాలిమర్ చల్లి గట్టిపరిచేది ఉంది. నీళ్లు దిగిపోయే కాంక్రీటు ఉంది. చివరి రెండూ మంచివే, ఏళ్ల తరబడి ఉంటాయి, డబ్బుంటే వేసుకోవచ్చు. తొమ్మిది హోళ్ల చిన్న మైదానానికి అది గుడిసెకు గ్రానైట్ గడప పెట్టినట్టు ఉంటుందని నా అభిప్రాయం. మీ కొటేషన్‌లో ఉన్నది గుడ్డే కాబట్టి దాని సంగతే చెబుతాను.

ఆ గుడ్డతో నేను తొమ్మిదేళ్లు కాపురం చేశాను. వేసిన కొత్తలో ముచ్చటగా ఉంటుంది. మేకుల్లాంటి ఇనుప పిన్నులు కొట్టి బిగిస్తాం, పైన ఇసుక పోస్తాం. రెండో ఏడు నుంచి మొదలవుతుంది అసలు కథ. వాలు మీద ఇసుక రెండు అంగుళాలే ఉంటుంది కదా, అక్కడ ఇసుక చదును చేసే రేక్ పళ్లు గుడ్డకు తగులుకుంటాయి. ఒక పిన్ను లేస్తుంది. లేచిన చోట గాలి దూరుతుంది. ఒకరోజు రాత్రి పెద్ద వాన కొట్టింది. పొద్దున్నే ఐదున్నరకు వెళ్లి చూస్తే 7వ హోల్ దగ్గరి బంకర్‌లో ఇసుకంతా జారి అడుగుకు చేరింది. వాలు మీద నల్లగుడ్డ చీలికలై కాకి రెక్కల్లా కొట్టుకుంటోంది. దాని నేత సందుల్లో సన్న మట్టి పట్టుకుపోయి నీళ్లు దిగడం లేదు. అడుగున మోకాలి లోతు నీళ్లు, వాటి అంచున ఒక గోల్ఫ్ బంతి బురదలో కూరుకుని సగం కనబడుతోంది. ఎనిమిది మందిమి రెండు రోజులు ఆ ఇసుకను పారలతో మళ్లీ పైకెక్కించాం. ఆ నెలలోనే మళ్లీ వాన. మళ్లీ ఎక్కించాం. ఆ పని చేసినవాడికి గుడ్డ పేరెత్తితేనే నడుం నొప్పి వస్తుంది.

తర్వాత మా సూపరింటెండెంట్ ఒక పాత పద్ధతి చెప్పాడు. పచ్చికను పలకలుగా కోసి, గడ్డి కిందికి, వేర్లు పైకి వచ్చేలా తిరగేసి బంకర్ అంతా పరిచి, దాని మీద ఇసుక పోయడం. మొదట నవ్వుకున్నాం. బంకర్‌కు గడ్డి శత్రువు కదా, దాన్నే తెచ్చి కింద వేయడమేమిటని. కానీ చేసి చూస్తే తెలిసింది. తిరగేసిన పలకలో వేర్లూ, కాడలూ, పాత గడ్డీ కలిసి కొబ్బరి పీచు పట్టలా ఉంటుంది. ఇసుక దాన్ని పట్టుకుంటుంది, జారదు. నీళ్లు అందులోంచి వడగట్టినట్టు దిగుతాయి, కింది మట్టి పైకి రాదు. రేక్ పళ్లు తగిలినా చీలికలు లేవవు.

నిజానికి ఇది మనకు కొత్తది కాదు. మా జేజి చెప్పేది, జొన్నలు పాతరలో పోసే ముందు గుంత అడుగునా చుట్టూతా గడ్డి దట్టంగా పరిచేవాళ్లట. మట్టి గింజకు తగలకూడదు, చెమ్మ గింజకు ఎక్కకూడదు. పాతర నుంచి బంకర్ దాకా పని ఒకటే, గింజ బదులు ఇసుక.

పరిచే తీరు కూడా చెబుతాను, మీ మేస్త్రీకి పనికొస్తుంది. ముందు గుంతను గట్టిగా దిమ్మిస చేయాలి. అడుగున నాలుగంగుళాల చిల్లుల పైపు చేపముల్లు ఆకారంలో వేసి, చుట్టూ కంకర పోసి, నీళ్లు బయటికి పోయే వాటం చూసుకోవాలి. ఇది లేకుండా పైన ఏం పరిచినా దండగే. గడ్డి పలక అంగుళంన్నర మందం ఉండాలి. పలకలను ఇటుక కట్టుడులా అతుకు కింద అతుకు రాకుండా పేర్చాలి. వాలు మీద పైనుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి రావాలి. ఒక్కో పలకకు రెండు వెదురు మేకులు. మేకు తల బయటికి కనబడకూడదు. పేర్చాక చెప్పులు విప్పి కాళ్లతో తొక్కాలి. బూటుకు తెలియని బోలుతనం అరికాలికి తెలుస్తుంది. ఆ తర్వాతే ఇసుక. అడుగున నాలుగైదు అంగుళాలు, వాలు మీద రెండు. ఇసుక కూడా ఏటిది వద్దు. ఏటి ఇసుక రేణువు నున్నగా గుండ్రంగా ఉంటుంది, బంతి అందులో సగం దాకా కూరుకుపోతుంది. ఆటగాళ్లు దాన్ని ఫ్రైడ్ ఎగ్ అంటారు, గుడ్డు సొనలా కనబడుతుందని. పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య, కోణాలున్న రేణువు కావాలి. క్రషర్ ఇసుకను బాగా కడిగి దుమ్ము తీసేస్తే పనికొస్తుంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే మీరూ అదే చేస్తారు.

మొదటిసారి మేం పలకలను పచ్చిగానే తిరగేసి వేశాం. కోసిన మరునాడే పరిచి ఇసుక పోశాం. ఊపిరాడక చస్తుందిలే అనుకున్నాం. అది ఏ గడ్డి అనుకున్నారు? గోల్ఫ్ వాళ్లు బెర్ముడా అని గొప్పగా పిలిచేది మన గరికే. శాస్త్రం పేరు సైనోడాన్ డాక్టిలాన్. వినాయకుడికి 21 పోచలు పెట్టి మొక్కేది అదే, సెనగ చేలో పీకలేక తిట్టుకునేదీ అదే. దాని కాడలు భూమి లోపలా పాకుతాయి, పైనా పాకుతాయి. మరుసటి వానాకాలంలో నాలుగంగుళాల ఇసుక చీల్చుకుని లేచింది. అదీ ఎక్కడ? సరిగ్గా అతుకుల వెంబడి. ఒడ్డున నిలబడి చూస్తే బంకర్ మధ్య ఎవరో పచ్చరంగుతో చదరంగం గళ్లు గీసినట్టుంది. పరిచినవాణ్ణి నేనే, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా గోల్ఫ్ నిబంధనల ప్రకారం బంకర్ లోపల మొలిచిన గడ్డి బంకర్ కిందికి రాదు. బంతి ఆ గరిక దుబ్బు మీద ఆగిందంటే ఇసుకలో వర్తించే నిబంధనలు దానికి వర్తించవు. ఇంకేం, ఆదివారం వస్తే చాలు, బంతి దుబ్బు మీదుందా, ఇసుక మీదుందా అని మెంబర్ల మధ్య పంచాయితీ. నాలుగు నెలలు ఆడకూలీలు ఆరుగురు కూర్చుని చేత్తో పీకారు. "ఏమన్నా, విత్తింది నువ్వు, కలుపు మాకా?" అని వాళ్లు ఎగతాళి చేస్తే బదులు చెప్పలేకపోయాను.

కొన్ని దేశాల్లో గడ్డిని మందు కొట్టి చంపి ఆ పైన ఇసుక పోస్తారు. గ్లైఫోసేట్ లాంటిది. మన దగ్గర 2022 అక్టోబరు నుంచి దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. నాకైతే ఆ మందుతో పనే లేదనిపిస్తుంది. అంతకంటే పెద్ద మందు మన నెత్తి మీదే ఉంది. గరిక పట్టిన చేనును రైతు ఏం చేస్తాడు? ఎండాకాలం లోతు దుక్కి దున్ని, కాడలు బయటపడేసి ఎండకు వదిలేస్తాడు. మనమూ అంతే. కృత్తిక కార్తెలో పలకలు కోసి, వేర్లు పైకి పెట్టి బండ నేల మీద పరిచి, రోళ్లు పగిలే రోహిణి ఎండకు మాడనివ్వాలి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. మృగశిర చినుకు పడక ముందే బంకర్‌లోకి చేర్చి, కొద్దిగా తడిపి, తొక్కి, ఇసుక పోయాలి. రెండోసారి మేం అలాగే చేశాం. అక్కడక్కడ పది ఇరవై మొలకలు వచ్చాయి, అంతే. అవి వచ్చిన వారంలోనే పీకేస్తే సరి. ఎండి చచ్చిందనుకున్న గరిక కూడా ఒక్క వానకు కళ్లు తెరుస్తుంది కాబట్టి మొదటి వానాకాలం రోజూ ఒక మనిషి కాపలా ఉండాల్సిందే.

ఇంకో సంగతి, చెదలు. బెంగుళూరులో నాకు ఇది అంతగా ఎదురు కాలేదు. మన ఎర్రనేలలో ఎండిన గడ్డి కనబడితే చెదపురుగు పండగ చేసుకుంటుంది. పలకల కింద వేపపిండి చల్లి చూడండి, కొంత ఆపుతుంది. పూర్తిగా ఆపుతుందని హామీ ఇవ్వను. ఈ పొర ఎలాగూ మెల్లగా కుళ్లి మట్టిలో కలిసేదే. మన నేలలో మూడేళ్లు నిలిస్తే చాలనుకుని లెక్క వేసుకోండి. నాలుగో ఏడు కూడా ఉంటే అది లాభం. మూడేళ్లకోసారి ఇసుక తీసి మళ్లీ పరవడానికి ఇప్పుడే బడ్జెట్‌లో పెట్టుకోకపోతే అప్పుడు మళ్లీ గుడ్డ అమ్మేవాడు వస్తాడు.

మీ డ్రాయింగ్‌లో రెండు బంకర్లకు స్కాట్లాండ్ తరహాలో గడ్డి పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి నిలువు గోడ కట్టినట్టు చూపించారు. ఫొటోలో బాగుంటుంది. అక్కడి చల్లటి వాతావరణంలోనే ఆ గోడలను కొన్నేళ్లకోసారి విప్పి మళ్లీ కడతారు, ఎండ ఎక్కువ తగిలే వైపువి ముందుగా పాడవుతాయి. మన మధ్యాహ్నపు ఎండకు పడమటి ముఖం గోడ ఒక్క వేసవి కూడా ఆగదు. ఆగాలంటే రోజూ నీళ్లు కొట్టాలి. వద్దు. వాలు తగ్గించి, అడుగునే పరవండి. ఆ గోడల ఆశ వదులుకోండి.

అన్నట్టు గాలి గురించి ఒక్కమాట. ఆషాఢ మాసం గాలి మీకు చెప్పాల్సిన పని లేదు, ఈ జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పోసింది. బంకర్ ఇసుక కూడా అంతే, ఎగిరిపోయి గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద పడుతుంది. గుంతలను గాలి వాలుకు అడ్డంగా, నైరుతి వైపు ఒడ్డు కాస్త ఎత్తుగా ఉండేలా తవ్వించండి. ఇది గడ్డికి సంబంధించింది కాదు, అయినా తవ్వకముందే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పలకలకు గరిక కావాలి. మీ కాంట్రాక్టరుకు తేరగా కనబడింది చెరువు కట్ట. కట్ట మీది గరిక ఎవరూ వేసింది కాదు, ఎవరిదీ కాదు, కోసుకుపోతే అడిగేవాడుండడు అనుకున్నాడు. అది ఎవరిదీ కాకపోవడం ఏమిటి? వానచినుకు నేరుగా మట్టి మీద పడకుండా ఆపేది అది. అల తగిలినప్పుడు మట్టిని పట్టుకునేది దాని వేర్లే. కట్టకు గరికే తోలు. అంగుళంన్నర మందాన పలకలు ఒలుచుకుపోతే లోపలి ఎర్రమట్టి పచ్చిపుండులా బయటపడుతుంది. వచ్చే అక్టోబరులో ఆ రాత్రి వాన వస్తే ముందు గళ్లు గళ్లుగా కోస్తుంది, తర్వాత వంకలు తీస్తుంది. మీ బంకర్ వాలు మీది ఇసుక జారకుండా ఉండటానికి మా కట్ట వాలు మీది మట్టి జారాలా?

మా పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. విజయనగర రాజుల నాటిది. ఆ కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి గండిలోకి నడిచి వెళ్లిన ముసలమ్మ కథ ఇక్కడ పిల్లవాడికి కూడా తెలుసు. పేరు ముసలమ్మే గానీ పడుచు కోడలు. ఇప్పటికీ దాన్ని ముసలమ్మ కట్ట అంటారు, అమ్మవారిగా మొక్కుతారు. ఇలాంటి కథ ఉన్న ప్రాంతంలో కట్ట మీద పార వేస్తే జనం ఊరుకోరు. కథలూ మొక్కులూ పక్కన పెట్టినా, 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు కింది ఊళ్లు ఏమయ్యాయో అందరం టీవీల్లో చూశాం. అది ఎందుకు తెగిందన్నది వేరే సంగతి, మట్టికట్ట తెగితే ఏమవుతుందన్నదే నేను చెప్పేది. మా చెరువు చిన్నదే. దాని కింద ఆయకట్టూ చిన్నదే. కానీ ఆ కట్ట దిగువనే ఎస్సీ కాలనీ ఉంది.

మరి గరిక ఎక్కడిది? మీరే పెంచుకోండి. లెక్క చెబుతాను, పెద్దదేం కాదు.

మీ డ్రాయింగ్‌లో 27 బంకర్లున్నాయి. ఒక్కోటి సగటున 100 చదరపు మీటర్లు అనుకుంటే 2700 చదరపు మీటర్ల పలకలు కావాలి. తొమ్మిది హోళ్లకు 27 ఎందుకు? మొదటిసారి కర్ర పట్టుకునే మనవాళ్లు ఆడే చోటు ఇది, ప్రతి దెబ్బకూ గుంతలో పడితే మూడో ఆదివారం ఎవరూ రారు. పద్నాలుగు చాలు. అప్పుడు 1400 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 35 సెంట్లు. కోతలో చెడిపోయేది కలుపుకుని 40 సెంట్లు వేసుకోండి. మీ పడమటి మూలలో దెబ్బలు సాధన చేసే డ్రైవింగ్ రేంజ్ కోసం వదిలిన చోటు అంతకంటే ఎక్కువే ఉంది. ఇసుక కూడా సగానికి తగ్గుతుంది. అడుగూ వాలూ కలిపి సగటున నాలుగంగుళాలు అనుకుంటే 270 క్యూబిక్ మీటర్ల బదులు 140. ట్రాక్టరుకు మూడు క్యూబిక్ మీటర్లు పడితే నలభై అయిదు, యాభై ట్రాక్టర్లతో అయిపోతుంది.

ఆ 40 సెంట్లలో ఈ జూన్‌లో తొలకరి పడగానే గరిక కాడలు నాటించండి. మైదానాలకు వేసే సెలెక్షన్-1 రకం దొరుకుతుంది, అదీ గరికే, కాస్త నాజూకు రకం. లేదంటే మీ భూమిలోనే, మీరు ఎలాగూ చదును చేయబోయే చోట ఉన్న దుబ్బులు పీకి నాటించినా చాలు. బంకర్ కింద పూడ్చేదానికి అందం ఎందుకు? సంక్రాంతికల్లా నేల కనబడకుండా అల్లుకుంటుంది. ఏప్రిల్ దాకా కోయకుండా వదిలితే వేరు బలుస్తుంది. మే నెలలో కోత, ఎండబెట్టడం, జూన్‌లోపు పరవడం. నీళ్ల మాట వస్తుంది, రావాలి కూడా. వెయ్యి అడుగుల బోరు వేసి గడ్డికి పోస్తామంటే మొదట అడ్డం పడేవాణ్ణి నేనే. ఊరి మురుగునీరు శుద్ధి చేసింది తెచ్చుకునే ఏర్పాటు చూసుకోండి. మైదానం మొత్తానికీ మీకు అది ఎలాగూ తప్పదు, ఈ మడితో మొదలుపెడితే పోతుంది.

దీనికి ఏడాది పడుతుందని మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. వచ్చే సంక్రాంతికి ప్రారంభోత్సవం అని ఫ్లెక్సీలు కూడా వేశారు. వేస్తే వేశారు. గ్రీన్లూ, వాటి దాకా వెళ్లే ఫెయిర్‌వే గడ్డి దారులూ పూర్తి చేసి సంక్రాంతికి ఆట మొదలుపెట్టండి. బంకర్ల చోట గుంతలు తవ్వి గడ్డి అలాగే ఉంచండి, ఇసుక లేకుండా. చాలా కోర్సుల్లో అలాంటి గడ్డి గుంతలు ఉంటాయి, ఆటకు అవీ అడ్డంకే. ఆ పై జూన్‌కు ఇసుక పోయండి. ముఖ్య అతిథి ఇసుక లేదని రిబ్బన్ కత్తిరించడం మానుకోడు.

నా మాట నమ్మమని అడగడం లేదు. మా చేనులో బావి పక్కన మంచమంత గుంత ఒకటి తవ్వాను. సగానికి మీ కొటేషన్‌లో ఉన్నటువంటి గుడ్డ, సగానికి ఎండబెట్టిన గరిక పలక. గరిక మా చేనులోదే. కూలికి మనిషిని పెట్టి పీకించేదాన్ని ఈసారి పలకలుగా కోయించాను, మా ఇంటావిడ ఇప్పటికీ నవ్వుతోంది. రెండింటి మీదా ఒకే ఇసుక, ఒకే వాలు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి రండి, ఎండ ముదరకముందు. మోటారు వేసి పైపుతో అరగంట నీళ్లు వదులుదాం. కాంట్రాక్టరును కూడా తీసుకురండి, ఆ పార పట్టుకున్నాయన్ని తప్పకుండా. చూశాక గుడ్డే వేస్తామంటే అది మీ డబ్బు, మీ ఇష్టం. కట్ట మీద గరిక సంగతి మాత్రం ఆ ఆదివారం దాకా ఆగదు. ట్రాక్టరు మళ్లీ రాకుండా ఈ రోజే ఆయనకు ఒక ఫోన్ చేయండి. నిన్న సాయంత్రం కట్ట మీద ముగ్గులాగా సున్నంతో గుర్తులు పెట్టి పోయారు, పన్నెండు చోట్ల. నేను లెక్కపెట్టాను.

ఇట్లు,
బంకర్ల పని చేసి వచ్చిన ఒక పాత మేస్త్రీ,
బుక్కరాయసముద్రం మండలం, అనంతపురం జిల్లా